చవకైతే చేదే!

చవక మందు వచ్చిందంటే బీమా కంపెనీ ఎగిరి గంతేస్తుందని అమాయకులు అనుకుంటారు. ఖర్చు తగ్గితే లాభం పెరుగుతుందన్నది సంతలో చింతపండు అమ్మేవాళ్లకూ తెలిసిన లెక్కే. బీమా లెక్క వేరు. మందు ధర ఎంత అన్నది అక్కడ రెండో ప్రశ్న. ఎవరి జేబులోంచి పోతుందన్నదే మొదటి ప్రశ్న. అమెరికానే చూడండి. కీళ్లవాతానికి వాడే హ్యుమిరా ఇంజెక్షన్ 2022లో ప్రపంచమంతటా 2,000 కోట్ల డాలర్లకు పైగా అమ్ముడైంది. 2023లో దానికి దీటుగా పనిచేసే పోలిక మందులు, అంటే బయోసిమిలర్లు, వరసగా దిగాయి; కొన్నిటి ధర 80 శాతానికి పైగా తక్కువ. అయినా ఆ ఏడాదంతా హ్యుమిరా పీఠం కదల్లేదు. బీమా తరఫున మందుల జాబితా రాసే మధ్యవర్తులకు ఖరీదైన మందు మీద వచ్చే రిబేటు ముద్దు. ధరే లేని మందుకు రిబేటెక్కడిది? 2024 ఏప్రిల్‌లో మాత్రం సీవీఎస్ కేర్‌మార్క్ అనే మధ్యవర్తి తన ప్రధాన జాబితాల్లోంచి హ్యుమిరాను తీసేసింది. ఆ నెల శాస్త్రం కొత్తగా కనిపెట్టిందేమీ లేదు. అంతకు కొన్ని నెలల ముందు అదే సంస్థ కుటుంబంలో కార్డావిస్ అనే కంపెనీ పుట్టి, శాండోజ్ తయారుచేసే చవక మందును తానే అమ్ముకునే ఏర్పాటు చేసుకుంది. వాటా కుదిరింది, అనుమానం తీరింది.

మన బీమాకు ఆ శ్రమ కూడా లేదు. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కిడ్నీ చెడినవాళ్లకు డయాలసిస్ ఒక్కటే సరిపోదు. రక్తహీనత ముదరకుండా ఎరిత్రోపోయిటిన్ ఇంజెక్షన్ పడుతూ ఉండాలి. అదీ హ్యుమిరాలాగే జీవకణాల్లో తయారయ్యే బయోలాజిక్ మందే. దేశీ కంపెనీలు చేస్తున్నాయి కనుకే కవిటి, సోంపేట దాకా వచ్చింది. ఆ చిన్న సిరంజిని 2 నుంచి 8 డిగ్రీల చల్లదనంలో కాపాడుకుంటూ ఇంటికి తెచ్చుకుంటే, మామూలు పాలసీ దాన్ని చికిత్సగా లెక్కించదు. సిరంజి 24 గంటలు ఆసుపత్రిలో అడ్మిట్ కాలేదు కదా! క్యాన్సర్‌కు వాడే మోనోక్లోనల్ యాంటీబాడీలను కాదనకూడదని నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2019లోనే చెప్పింది. కంపెనీలవాళ్లు కాదనలేదు, లోపల ఒక పరిమితి పెట్టారు, అంతే. ప్రీమియం పెంచేటప్పుడు మందుల ధరలు మండిపోతున్నాయంటారు; క్లెయిమ్ పెడితే అంత ధర సమంజసం కాదంటారు. అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి.

బయోసిమిలర్ అచ్చంగా అసలు మందే కాదు కదా, జాగ్రత్తపడితే తప్పేమిటని అడగొచ్చు. జీవకణాల్లో తయారయ్యే మందులో ఏ రెండు బ్యాచ్‌లూ అచ్చుగుద్దినట్టు ఉండవు. ఖరీదైన అసలు మందుకూ ఆ తేడా తప్పదు. ఐరోపా 2006 నుంచి బయోసిమిలర్లను అనుమతిస్తూ, ఒకదాని బదులు మరొకటి వాడొచ్చని 2022లో తేల్చేసింది. పైడిభీమవరంలో ఫ్యాక్టరీ ఉన్న డాక్టర్ రెడ్డీస్ 2007లోనే క్యాన్సర్ మందు రిటుక్సిమాబ్‌ బయోసిమిలర్‌ను దాదాపు సగం ధరకు తెచ్చింది. నాసిరకం ఎరిత్రోపోయిటిన్ ప్రమాదమన్న మాట నిజమే. అయితే పరీక్షించాల్సింది నాణ్యతను, చల్లదనాన్ని. ధర చీటీని కాదు. ఇంటికి తెచ్చుకునే ఇంజెక్షన్లకూ చెల్లిస్తే ప్రీమియం పెరుగుతుందన్నది మరో వాదన. ధర దిగొచ్చిన మందు దగ్గరే ఆ భయం తక్కువ ఉండాలి. పైగా రక్తం తగ్గి ఆసుపత్రిలో చేరితే అయ్యే ఖర్చు ఎలాగూ బీమా మీదే పడుతుంది.

కుటుంబానికి 2.5 లక్షల దాకా బీమా కంపెనీలు, ఆపైన 25 లక్షల దాకా ఎన్టీఆర్ వైద్య సేవ ట్రస్టు భరించే పద్ధతికి ఆంధ్రప్రదేశ్ మంత్రివర్గం 2025 సెప్టెంబర్‌లో ఆమోదం తెలిపింది. కంపెనీల సహృదయాన్ని పరీక్షించే పని పెట్టుకోకుండా, ఒప్పందంలోనే మూడు ముక్కలు రాసుకుంటే చాలు: మందును బ్రాండు పేరుతో కాక జనరిక్ పేరుతో కొనాలి, ఇంటి దగ్గర వేసుకునే ఇంజెక్షన్‌కూ చెల్లించాలి, రిబేటు వస్తే పథకం ఖాతాలో జమకావాలి. అప్పుడు చూడండి, చవక మందు మీద బీమా కంపెనీలకు ఎంత నమ్మకం పుట్టుకొస్తుందో!