మూడో బిడ్డకు ఆవు.. మొదటి బిడ్డకు అప్పు

జనాభా తగ్గిపోతోంది, పిల్లల్ని కనండహో అంటున్నారు ముఖ్యమంత్రి చంద్రబాబు. ఇద్దరు దాటితే స్థానిక ఎన్నికల్లో పోటీకి పనికిరారన్న నిబంధననూ 2024లో ఎత్తేశారు. విజయనగరం ఎంపీ కలిశెట్టి అప్పలనాయుడైతే 2025 మార్చిలో ఇంకో అడుగు వేశారు. మూడో కాన్పులో ఆడపిల్ల పుడితే రూ.50 వేలు, మగపిల్లాడైతే ఆవు!

బాగానే ఉంది గానీ, పక్కనే ఉన్న విశాఖలో ఆ ఆవుని ఎక్కడ కట్టాలి? ఎంవీపీ కాలనీ అపార్ట్‌మెంటు లిఫ్టులో పట్టదు. గాజువాకలో అద్దింటి ఓనరు, ఇంటికి చుట్టాలొస్తేనే నీళ్ల లెక్క తీస్తాడు.

మూడో బిడ్డ దాకా ఎందుకు, మొదటి బిడ్డకే అప్పు చేయాలి. విశాఖ ఉక్కు కార్మికుడికి ఆ మధ్య జీతాలు విడతల్లో వచ్చాయి. కాన్పుకు కేంద్రం ‘మాతృవందన’ పథకం ఇచ్చే రూ.5 వేలూ రెండు విడతలే. ప్రైవేటు ఆస్పత్రి బిల్లు మాత్రం ఒకే విడత, అదీ డిశ్చార్జికి ముందు! డైపర్లపై జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి దిగింది, కాదనం. బారసాల, మురుగులు, మొలతాడు ఖర్చులకు ఏ కౌన్సిలూ శ్లాబు మార్చలేదు.

బడి పిల్లల తల్లులకు రాష్ట్రం ఇచ్చే ‘తల్లికి వందనం’ ఉందిగా అంటారా? బిడ్డ ఒకటో తరగతికి రావాలి. అందాకా వందనాలన్నీ అప్పిచ్చిన బావమరిదికే.