వాడపల్లి మెట్ల మీది వాక్యానికి టీకా

మూలం: "తోకున్నది మంచుగడ్డ, తోక లేనిది బండరాయి. గంతేనే నాయినమ్మా!"

అవతారిక: మూసీ వచ్చి కృష్ణలో కలిసే వాడపల్లి రేవు మెట్ల మీద పుట్టిన వాక్యమిది. కాలం 2025 ఫిబ్రవరి. 2024 వైఆర్4 అనే గ్రహశకలం 2032లో భూమిని గుద్దే అవకాశం మూడు శాతం దాటిందని టీవీలు ఊదరగొట్టిన రోజులు. (ఆ నెల తిరక్కుండానే అది దాదాపు సున్నాకు దిగింది. టీవీలు అంత గట్టిగా చెప్పలేదు.) "తోకచుక్క మీద పడుతదట గదరా" అన్న నాయినమ్మకు మనవడి సమాధానం.

ప్రతిపదార్థం: తోకున్నది = తోకచుక్క; మంచుగడ్డ = నీటిమంచు, గడ్డకట్టిన వాయువులు, ధూళి కలిసిన ముద్ద; తోక లేనిది = గ్రహశకలం; బండరాయి = ఎక్కువగా కుజుడికీ గురుడికీ నడుమ తిరిగే రాయి, లోహం; గంతేనే = ఇంక అడగకు; నాయినమ్మా = అడగక మానదని తెలిసి చేసిన సంబోధన.

తాత్పర్యం: సూర్యుడి దాపుకొస్తే మంచు ఆవిరై ధూళిని వెంట లేపుతుంది, అదే తోక. రాయికి ఆవిరయ్యేదేం లేదు.

విశేషం: తోక వెనకాలే ఈడ్చుకుపోతుందని లోకభ్రాంతి. వాడపల్లి వాళ్లకు ఆ భ్రాంతి ఉండకూడదు. ఇక్కడి లక్ష్మీనరసింహస్వామి గర్భగుడిలో ఒక దీపం నిలకడగా వెలుగుతుంది, స్వామి ముఖం ఎత్తున ఉన్నది మాత్రం రెపరెపలాడుతుంది. స్వామి ఊపిరి అంటారు. తోకచుక్క వాయువుల తోకకూ అటువంటి ఊపిరే తగులుతుంది, సూర్యుడిది. సౌరపవనం ఎటు తోస్తే అటే. కనుక సూర్యుణ్ణి చుట్టి తిరిగిపోయేటప్పుడు తోకే ముందు నడుస్తుంది. ధూళి తోక వేరు. అది కాస్త ఒంపు తిరుగుతుంది.

ఆక్షేపం: లక్షణంలో రెండు దోషాలు. సూర్యుడికి దూరాన ఉన్న తోకచుక్కకు తోకే ఉండదు: అవ్యాప్తి. 2022 సెప్టెంబరు 26న నాసా డార్ట్ నౌక డైమోర్ఫస్‌ను ఢీకొంటే, ఆ శకలానికి వేల కిలోమీటర్ల ధూళి తోక మొలిచింది: అతివ్యాప్తి. తన్నించుకుని తెచ్చుకున్న తోక లెక్కలోకి రాదని మనవడి పక్షం వారు వాదించవచ్చు. సరే, ఫేథాన్ మాటేమిటి? గ్రహశకలమనే పిలుస్తారు, సూర్యుడి దగ్గరికొస్తే చిన్న తోక విప్పుతుంది, ఏటా డిసెంబరులో మనకు కనిపించే జెమినిడ్ ఉల్కల ధూళి దానిదే. కాబట్టి లక్షణం తోక కాదు, ఒంట్లో మంచు. అదీ కచ్చితమైన గీత కాదు. కొన్ని శకలాల్లోనూ మంచుంది.

ఉదాహరణ: ఖగోళ శాస్త్రవేత్త వేణు బప్పు. తండ్రి కొలువు నిజామియా వేధశాలలో, తన చదువు నిజాం కాలేజీలో. 1949లో హార్వర్డ్‌లో ఉండగా కనిపెట్టిన తోకచుక్క బప్పు-బాక్-న్యూకిర్క్. 2596వ గ్రహశకలం పేరు కూడా వేణు బప్పే. తోకచుక్కకు కనుక్కున్నవారి పేరు దానంతటదే వస్తుంది. శకలానికి కనుక్కున్నవారు ఎవరి పేరైనా సూచించవచ్చు. మొదటిది సంపాదన, రెండోది సన్మానం.

"ఆయన మనోడేనారా?" అని నాయినమ్మ మరో ప్రశ్న. ఇంటిపట్టు తలశ్శేరి, పుట్టింది మద్రాసు, పెరిగింది హైదరాబాదు. ఇక్కడ వ్యాఖ్యాతలకు ఏకాభిప్రాయం లేదు.