కోతకు ముహూర్తము

నా పిత్తాశయమున రాళ్లు గలవని స్కానింగు తీసిన డాక్టరుగారు సెలవిచ్చినప్పుడు, ఏబది యేండ్లు నిండినను సెంటు భూమియైన కొనజాలని నేను, నాకే తెలియకుండ లోలోపల ఇంత స్థిరాస్తి కూడబెట్టితినా యని యొకింత గర్వపడిన మాట దాచనేల? ఆ యాస్తిని సంచితోసహా తీసివేయవలెనని తీర్మానించి, మంగళవారము ఉదయము 8 గంటలకు రమ్మన్న సర్జనుగారు, 1882లో బెర్లినులో లాంగెన్‌బుఖ్ అను వైద్యుడు మొట్టమొదట ఈ సంచిని కోసి తీసిననాటనుండి ఇది జరుగుచున్న పనియేయని ధైర్యము కూడ చెప్పిరి. ఆ బెర్లిను ధైర్యము మా మేనత్త యొద్ద చెల్లలేదు.

“మంగళవారం నాడు గోళ్లే తీయించుకోరు, కడుపు కోయించుకుంటావుట్రా?” అని ఆమె పంచాంగము చంకనిడుకొని సర్జనుగారి గదికే వచ్చెను. తక్కిన వారములలో థియేటరు ఖాళీ లేదని ఆయనయు, మంగళవారము 9 మొదలు 10.30 వరకు యమగండము, 3 మొదలు 4.30 వరకు రాహుకాలము గనుక, 8కి ఆరంభించి 9 లోపల కుట్లతోసహా ముగింపవలసినదని ఈమెయు పట్టుపట్టిరి. యమగండమను మాటకు నేను ఉలికిపడితినిగాని ఆయన తొణకలేదు. “కత్తి పెట్టడమే ముహూర్తం అమ్మా, కుట్లకి దోషం లేదు” అనిరి. జీలకఱ్ఱ బెల్లము పెట్టిన పిదప భోజనములు ఎప్పుడైన నేమి యను న్యాయము తోచెను గాబోలు, మేనత్త సమ్మతించెను.

శాస్త్రము ఎవరి పక్షమో తెలిసికొన గోరి సుశ్రుతసంహిత తెరచితిని. ప్రశస్తమైన తిథి కరణ ముహూర్త నక్షత్రములు చూచియే శస్త్రకర్మకు పూనుకొనవలెనని అందున్నది, మేనత్త గెలిచెను. కోతకు ముందు రోగికి ఇష్టభోజనము పెట్టవలెననియు, నొప్పి కోర్వలేనివానికి, అలవాటున్నచో, తీక్ష్ణమగు మద్యము పోయవలెననియు గూడ నున్నది! నోరూరి పుటలు త్రిప్పుచుండగా, ఉదరరోగమునకు, అశ్మరికి, మరికొన్నింటికి మాత్రము రోగి భుజింపకమునుపే శస్త్రము పట్టవలెనను మాట కంటబడెను. సుశ్రుతుడు చెప్పిన అశ్మరి మూత్రాశయపు రాయియే గాని, ఉదరముననే రాయి గల నాకు వాదించుటకు నోరేది?

సోమవారము రాత్రి నర్సమ్మ వచ్చి, నా మంచము కడనున్న గ్లాసు బోర్లించి, “ఇంక మంచినీళ్లు కూడా వద్దండీ” అనెను. మత్తు డాక్టరుగారు నోరు తెరపించి, కదలుచున్న పంటిని వ్రేలితో ఆడించి చూచి, ఏమియు ననక కాగితముపై వ్రాసికొని పోయిరి. పొట్టమీద క్షురకర్మయు జరిగెను. సోమవారమే గనుక దానికి దోషము లేదు. పరామర్శకు వచ్చిన బంధువులు బత్తాయిలు నాకు చూపి, ప్రక్కమంచపు ఆసామికి వలిచిపెట్టిరి.

తెల్లవారి ఆకుపచ్చ గౌను తొడిగిరి. 8 అయ్యెను, 9 అయ్యెను, యమగండము ప్రవేశించెను. ఏదో ప్రమాదపు కేసు వచ్చినదట. నా వంతు మధ్యాహ్నము 3 గంటలకు మారినదట. సరిగా రాహుకాలము.

ఇది వ్రాయునప్పటికి 11 గంటలు. కత్తి 8కే పడినదని నమ్మి, మేనత్త ఆంజనేయస్వామి గుడిలో ప్రదక్షిణములు చేయుచున్నది. చదువరులారా, ఆమె ఎదురుపడినచో మీరును ఆ మాటయే చెప్పుడు.