ఎంట్రన్స్ రాసే పిల్లలకు చెప్పకూడని ఐదు మాటలు

సూరత్‌లో లింబాయత్, ఉధ్నా వైపు సాంచాల (మరమగ్గాల) మీద బతికే మన ఇళ్లలో పిల్ల పదకొండో తరగతిలో చేరిందంటే చాలు, చుట్టాలందరూ సలహాలు మొదలుపెడతారు. అందరిదీ ప్రేమే. అయినా ఈ ఐదు మాటలు మాత్రం నమ్మకండి.

1. ‘లక్షలు పోసి కోచింగ్ పెట్టించకపోతే సీటు రాదు.’
దీనికోసం అప్పు చేయొద్దు. ఎన్‌సీఈఆర్‌టీ 11, 12 తరగతుల పుస్తకాలు ఇంటర్నెట్‌లో ఉచితం. ఐఐటీ కాన్పూర్ నడిపే ‘సాథీ’లో జేఈఈ, నీట్ పాఠాలు, మాదిరి పరీక్షలు కూడా ఉచితమే. ముందు వాటిని పూర్తిచేయించండి.

2. ‘వీడియోలన్నీ చూస్తే చాలు.’
చూసినంతసేపూ అంతా వచ్చినట్టే ఉంటుంది. పెన్ను పట్టుకుంటేనే ఎక్కడ ఆగిపోతున్నామో తెలుస్తుంది. పాత పేపర్లు తీసి గడియారం పెట్టుకుని రాయాలి. జేఈఈ మెయిన్‌లో 75 ప్రశ్నలు, 3 గంటలు. తప్పిన ప్రతి లెక్క పక్కనా కారణం రాసుకోవాలి: సూత్రం తెలియలేదా, కూడికలో తప్పిందా, ప్రశ్న సరిగా చదవలేదా? వారం తర్వాత అవే మళ్లీ చేయాలి. రాత్రి పాళీ చేసి వచ్చినవాళ్లు పగలు ఇంట్లో పడుకుంటారు కాబట్టి, చదువుకు ఘోడ్‌దోడ్ రోడ్డులోని నర్మద్ సెంట్రల్ లైబ్రరీకి పంపండి.

3. ‘బోర్డు పరీక్ష పాసైతే చాలు.’
చాలదు. జేఈఈ ర్యాంకు వచ్చినా ఎన్‌ఐటీలో చేరాలంటే పన్నెండులో 75 శాతం మార్కులుండాలి, లేదా బోర్డులో మొదటి 20 పర్సంటైల్‌లో నిలవాలి. ఎస్సీ, ఎస్టీలకు 65 శాతం. గుజరాత్ ఇంజనీరింగ్ మెరిట్‌లో రాష్ట్ర ఎంట్రన్స్ గుజ్‌సెట్‌తోపాటు బోర్డు మార్కులూ కలుస్తాయి.

4. ‘పరీక్ష తెలుగులోనే రాయించండి.’
జేఈఈ మెయిన్, నీట్ తెలుగు పేపరు ఆంధ్ర, తెలంగాణ కేంద్రాల్లోనే ఇస్తారు. సూరత్‌లో రాస్తే ఇంగ్లీషు, హిందీ, గుజరాతీ వంటి భాషల్లో ఒకటి ఎంచుకోవాలి. గుజ్‌సెట్‌కు ఆ మూడే. అనువాదంలో తేడా వస్తే జేఈఈ మెయిన్, నీట్ నడిపే ఎన్‌టీఏ ఇంగ్లీషు ప్రశ్ననే లెక్కలోకి తీసుకుంటుంది. మున్సిపల్ తెలుగు బడిలో చదివే పిల్లలకు ఎనిమిది, తొమ్మిది తరగతుల నుంచే సైన్సు పదాలు ఇంగ్లీషులోనూ నేర్పించండి.

5. ‘ఆ రెండేళ్లూ హైదరాబాద్ పంపండి.’
ఎన్‌ఐటీల్లో సగం సీట్లు సొంత రాష్ట్రం వాళ్లవి. పన్నెండు ఎక్కడ పాసైతే అదే సొంత రాష్ట్రం. అక్కడ చదివితే వరంగల్ ఎన్‌ఐటీలో వాటా వస్తుంది గానీ, మన ఊళ్లోనే ఉన్న ఎస్‌వీఎన్‌ఐటీలో వాటా పోతుంది. హాస్టల్ ఫీజు కట్టేముందు ఈ లెక్క కూడా చూసుకోండి.

తల్లిదండ్రులారా, పిల్లలకు కావలసింది తీరిక. ఈ రెండేళ్లూ చీరలకు లేసు కుట్టే పని ఆడపిల్ల మీద పెట్టకండి. ఆ గంటలు చదువుకు వదిలేయండి.