ఆస్పత్రికీ ఒక సదరం సర్టిఫికెట్టు

మన సర్కారుకు చూపు బాగా ఆనుతుంది. చెనిక్కాయలు ఒలిచి ఒలిచి అవ్వ బొటనవేలి గీతలు ఎంత అరిగిపోయాయో దానికి అమరావతి నుంచే తెలిసిపోతుంది. ఒకటో తేదీ పొద్దున్నే గ్రామ సచివాలయం ఉద్యోగి ఇంటికొస్తాడు. వేలిముద్ర పడదు. కన్ను చూపించమంటాడు, కంట్లో శుక్లం. ముఖం చూపించమంటాడు. కళ్లు ఆర్పమంటుంది ఫోను. అవ్వ ఆర్పుతుంది. మనిషి బతికే ఉందని ఫోను ఒప్పుకున్నాకే నాలుగు వేల పింఛను చేతిలో పడుతుంది.

అదే వీధి చివర విలేజ్ హెల్త్ క్లినిక్కు ఉంది. దాన్ని మాత్రం కళ్లు ఆర్పమని ఎవరూ అడగరు.

2025 జనవరిలో దివ్యాంగుల పింఛన్ల మీద పునఃపరిశీలన మొదలైంది. మంచం పట్టి నెలకు 15 వేలు తీసుకునేవాళ్ల ఇళ్లకు ముందుగా డాక్టర్లే వెళ్లారు. తర్వాత 6 వేలవాళ్లను క్యాంపులకు రమ్మన్నారు. ఆగస్టులో వేలమందికి నోటీసులు అందాయి. మీ వైకల్యం 40 శాతం లేదు, మీకు పింఛను లేదని వాటి సారాంశం. గోల లేచాక, అప్పీలు చేసుకోండి, అందాకా పింఛను ఆపం అన్నారు.

దొంగ పింఛన్లు లేవా అంటే, ఉన్నాయి. చెవుడు సర్టిఫికెట్టు జేబులో పెట్టుకుని సెల్‌ఫోన్లో చీటీపాట పాడేవాడు ఊరికొకడు ఉండే ఉంటాడు. వాడికి ఆ సర్టిఫికెట్టు రాసిచ్చిన చెయ్యి కూడా ఎక్కడో ఉండాలి కదా. ఆ చేతికి నోటీసు వెళ్తే చూసి తరించాలని ఉంది.

ఇలాంటి క్యాంపు ఒకదానికి నేనూ పోయాను. డాక్టరు గది మేడ మీద. మెట్లు ఎక్కలేనని రాయించుకోవాలంటే మెట్లెక్కి రావాలి. ఎక్కితే వైకల్యం తక్కువ, ఎక్కకపోతే గైరుహాజరు. చిన్నప్పుడే కాలు పోయిన అవ్వ ఒకామె కింద మెట్టు మీదే కూలబడి, టోకెన్లు ఇచ్చే అబ్బాయిని అడిగింది:

“ఏం నాయనా, పోయిన కాలు మళ్లా మొలిచిందేమో చూసేదానికి పిలిచినారా?”

“రూలు అవ్వా. నేనేం చేసేది?”

“రూలుకు కండ్లు కనపడవా? అట్లయితే దానికీ పింఛనియ్యండి.”

తిరుపతిలో టీటీడీ వారి బర్డ్ ఆస్పత్రి 1985 నుంచి ఉంది. నడవలేనివాళ్లను నడిపించడం దాని పని. కాలు నిలబెట్టే డాక్టర్లకు మనకు కొదవలేదు. కాలు లేదంటే నమ్మే డాక్టరు దొరకడమే కష్టం.

చట్టాలకూ కొదవలేదు. దివ్యాంగులకు ఇంటి దగ్గర్లోనే, అందులోనూ పల్లెల్లో, ఉచిత వైద్యం అందాలనీ, ఆస్పత్రిలో ఏ మూలకైనా అడ్డంకి లేకుండా పోగలగాలనీ 2016 చట్టం చెప్పింది. ఉన్న భవనాలను సరిచేసుకోవడానికి ఐదేళ్లు గడువిచ్చింది. గడువు 2022లోనే ముగిసింది. 2024 నవంబరులో సుప్రీంకోర్టు, ఆ చట్టం కింద పెట్టిన రూల్స్ సలహాల్లా ఉన్నాయి, తప్పనిసరి చేయండి అని కేంద్రానికి మూడు నెలలు టైమిచ్చింది. మెట్లు మాత్రం ఎక్కడివక్కడే ఉన్నాయి. ఇక పెద్దవాళ్ల కోసం 2007 చట్టం ఉంది. జిల్లాకొకటైనా, కనీసం 150 మంది పట్టే వృద్ధాశ్రమం పెట్టవచ్చంటుంది. పెట్టి తీరాలని అనదు. 2022 ఏప్రిల్ 4న చిత్తూరు జిల్లాను విడగొట్టినప్పుడు కొత్త జిల్లాకు కలెక్టరాఫీసు, ఎస్పీ ఆఫీసు మాత్రం పెట్టి తీరాల్సినవే అయ్యాయి.

ఆస్పత్రులకు పరీక్షే లేదనడం అన్యాయం. 2013 నుంచి ఎన్‌క్వాస్ అని ఒకటుంది. 70 శాతం మార్కులొస్తే సర్టిఫికెట్టు, అది మూడేళ్లు చెల్లుతుంది. తనిఖీవాళ్లు వచ్చేది ముందే తెలుస్తుంది గనక గోడలకు సున్నం పడుతుంది, గుమ్మంలో పూలకుండీలు వెలుస్తాయి. పాపం అవ్వకు ఆ సౌకర్యం లేదు. లేని కాలికి సున్నం వేసుకోలేదు.

అందుకే సర్కారువారికి నాదొక మనవి. వైకల్యాన్ని శాతాల్లో కొలిచే సదరం మనుషులకు చాలినంత అయింది. ఇక ఆస్పత్రులకు పెట్టండి. బోర్డులో డాక్టర్లు వద్దు, నలుగురు అవ్వలూ ఒక చక్రాల కుర్చీ తాతా చాలు. కొలతలు నేను రాసిస్తాను. ర్యాంపు లేకపోతే కదలిక లోపం. ర్యాంపు ఉండి, దాని మీద సిబ్బంది బైకులకు స్టాండు వేసి ఉంటే అదే లోపం, ఇంకో పది శాతం ఎక్కువ. ఫోనెత్తకపోతే చెవుడు. 104 బండి మళ్లీ ఎప్పుడొస్తుందో చెప్పలేకపోతే మతిమరుపు. నెలకివ్వాల్సిన బీపీ మాత్రలు పది రోజులకే ఇస్తే ఎదుగుదల లోపం. వచ్చినవాళ్లందరికీ “రాయవేలూరు పెద్దాస్పత్రికి తీసకపోండి” అని తప్ప ఇంకో మాట పెగలకపోతే మూగతనం. మొత్తం 40 శాతం దాటిందా, సర్టిఫికెట్టు రాసేయాలి. తాత్కాలికమా శాశ్వతమా అన్న గడిలో టిక్కు పెట్టేది చక్రాల కుర్చీ తాత. ఆయన చాలా ఏళ్లుగా చూస్తున్నాడు కాబట్టి ఆలోచించుకోవడానికి టైమడగడు.

స్లాటు మాత్రం మెడికల్ ఆఫీసరే తెల్లారుజామున లేచి, సచివాలయం ముందు వరసలో నిలబడి బుక్ చేసుకోవాలి. సర్వర్ డౌన్ అయితే వచ్చే నెల.

సర్టిఫికెట్టు అందుకున్న ఆస్పత్రి కంగారు పడాల్సిన పనిలేదు. అప్పీలు చేసుకోవచ్చు. అప్పీళ్ల గది మూడో అంతస్తులో ఉంటుంది. లిఫ్టు ఉంది, ఆపరేటర్ పోస్టు ఖాళీ.