ఆర్సీ రాసిన రాత

మనిషి తన తలరాతను తానే మార్చుకోవచ్చని వ్యక్తిత్వ వికాసం వాళ్ళు గొంతు చించుకుంటున్నారు. కారుకు మాత్రం ఆ భాగ్యం లేదు. పుట్టినరోజున కంపెనీ నుదుట ఏం రాసిందో, తుక్కుకింద పోయేదాకా అదే రాత. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ సారమిదే: కంపెనీ మొదట ఇచ్చిన వివరాలకూ ఆర్సీలో ఉన్నవాటికీ తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో కేరళ నుంచి వచ్చిన ఓ కేసులో సుప్రీంకోర్టు దీన్ని గట్టిగా ఖరారు చేసింది. అదే ఏడాది పార్లమెంటు చట్టాన్ని సవరించి, అనుమతి లేని ఒక్కో మార్పుకీ 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలలదాకా జైలు, లేదా రెండూ అంది. దీపాలు, బంపరు, పొగగొట్టం మూడూ మార్చిన మహానుభావుడు పదిహేను వేలు సిద్ధం చేసుకోవాలి. చిల్లర బేరాలు లేవు.

అర్ధరాత్రి బుల్లెట్ మీద ఫిరంగులు పేల్చుకుంటూ పోయే కుర్రాడి తరఫున నేను వకాల్తా పుచ్చుకోను. విశాఖలో పోలీసులు అలాంటి సైలెన్సర్లను వరసగా పేర్చి రోడ్డు రోలర్‌తో తొక్కించినప్పుడు కడుపు నిండిన మాట నిజం. చిక్కేమిటంటే, వాడినీ, పాత జిప్సీకి వెనక చక్రాలకు కూడా డిస్క్ బ్రేకులు వేయించుకున్న పెద్దమనిషినీ చట్టం ఒకే గాటన కడుతోంది. ఒకడు ఊరికి నిద్ర లేకుండా చేస్తాడు. రెండోవాడు ఎదురొచ్చిన గేదెను గుద్దకుండా ఆగగలుగుతాడు. అడిగే ప్రశ్న మాత్రం ఇద్దరికీ ఒక్కటే: ‘ఇది కంపెనీదేనా?’ క్షేమమేనా అని అడిగే కాలమ్ ఆ ఫారంలో లేదు.

కంపెనీదైతే చాలు, సర్వం పవిత్రం. టాప్ మోడల్‌లో ఎల్‌ఈడీ దీపాలొస్తే అది ఫీచరు, దానికి అదనంగా లక్షో లక్షన్నరో. కింది మోడల్ కొన్న గుమాస్తా అవే దీపాలు బయట పెట్టించుకుంటే నేరగాడు. నేరం వెలుగులో లేదు, బిల్లులో ఉంది.

కిటికీ అద్దాల కథ ఇంకా రంజుగా ఉంటుంది. ముందూ వెనకా అద్దాల గుండా 70 శాతం, పక్క అద్దాల గుండా 50 శాతం వెలుతురు రావాలన్నది నిబంధన. సబబే. అయితే 2012లో సుప్రీంకోర్టు తీర్పుతో, వెలుతురు ఎంత వచ్చినా సరే, అద్దానికి ఫిల్ము అంటించడమే తప్పయింది. అద్దం పుట్టుకతో కాస్త నల్లగా ఉంటే దోషం లేదు, పుట్టాక నల్లబడితే చలానా. రోహిణీ కార్తెలో బెజవాడ బెంజి సర్కిల్ దగ్గర సిగ్నల్ పడితే ఈ సూక్ష్మం బాగా బోధపడుతుంది. జెడ్, జెడ్ ప్లస్ భద్రత ఉన్నవాళ్ళకు మినహాయింపు ఉంది లెండి, ఎండ వాళ్ళను గుర్తుపట్టకూడదు కదా. పన్నెండేళ్ళ తర్వాత, 2024లో, కేరళ హైకోర్టు వెలుతురు ఆ శాతాలకు తగ్గకపోతే ఫిల్ము తప్పు కాదని చెప్పింది. ఈలోగా కట్టిన చలానాలు కట్టినట్టే.

ఇక లారీని చూడండి. కంపెనీ నుంచి చాలాసార్లు వచ్చేది చక్రాల మీద ఓ అస్థిపంజరం. విజయవాడ ఆటోనగర్‌లో వడ్రంగులూ వెల్డర్లూ కలిసి దానికి క్యాబిన్ కట్టి, తొట్టి దించి, రంగులు పూసి, వెనక ‘హారన్ ప్లీజ్’ రాస్తారు. పదహారు టన్నుల బండికి బాడీ మొత్తం కట్టగలిగిన ఆ చేతులే మీ ఆల్టోకు బంపర్ మారిస్తే దేశం ప్రమాదంలో పడుతుంది.

నాయకుల బండ్ల సంగతి ఎత్తకపోతే పాపం. ఎన్టీఆర్ పాత షెవర్లే వ్యాన్‌ను మార్పించుకుని, దాని పైకెక్కి ఊరూరా ప్రసంగించి ప్రభుత్వమే స్థాపించారు. 2022 డిసెంబరులో పవన్ కల్యాణ్ ప్రచార వాహనం వారాహి రంగు సైన్యం వాడే ఆలివ్ గ్రీనా, కాదా అని రాష్ట్రమంతా రంగుల శాస్త్రం చదివింది. తెలంగాణ రవాణా శాఖ చూసి, అంతా నిబంధనల ప్రకారమే ఉందంది. చాలా సంతోషం. పరీక్షించి, బాగుంటే కాగితం ఇవ్వడం మన ఆఫీసులకు చేతనవునని రుజువైంది. జర్మనీలో మామూలు జనానికి కూడా జరిగేది ఇదే: మార్చిన భాగాన్ని టీయూవీ వంటి సంస్థల నిపుణులు పరీక్షిస్తారు, బాగుంటే బండి కాగితాల్లో ఎక్కుతుంది. ఇక్కడ గ్యాస్ కిట్టుకు ఆ దారి వేశారు, బ్యాటరీ కిట్టుకు వేశారు. మంచి బ్రేకుకు వేయడానికే చేతులు రావడం లేదు.

అన్నట్టు, సర్కారు తన మార్పులు తాను చేసుకుంటూనే ఉంది. 2014లో తెలంగాణలో కొత్త బండ్లు ఏపీ బదులు టీఎస్ అయ్యాయి. 2024 మార్చి నుంచి కొత్తవి టీజీ అవుతున్నాయి. పాత టీఎస్ ప్లేటు మీద అభిమానం కొద్దీ మీరే ఆ ఎస్‌ను జీగా దిద్దారో, ట్యాంపరింగ్ కేసు.