అద్దం కొంటే అబద్ధం ఉచితం

మా బావమరిది లక్షా పాతిక వేలు పోసి కెమెరా, లెన్సు కొన్నాడు. ఆ లెన్సు మూతికి బిగించడానికి మెరుపులు చంపే పోలరైజర్ ఫిల్టరు 350 రూపాయలకి తెచ్చాడు. పట్టుచీర మీదకి గోనెపట్టా రవిక కుట్టించినట్టుందిరా అంటే, “అద్దమే కదా బావా!” అన్నాడు.

మార్పిద్దామని వాణ్ణి లాక్కుని కోఠి వెళ్లాను. కౌంటర్ వెనకాయన “సర్క్యులరా, లీనియరా?” అని అడిగాడు. “గుండ్రంది ఇవ్వండి, మా లెన్సు గుండ్రంగానే ఉంది” అన్నాడు మావాడు. ఆయన మొహంలో నవ్వన్నది లేదు. “రెండూ గుండ్రమే సార్. సర్క్యులర్ ఇంకాస్త గుండ్రం.”

ఆ ఒక్క ముక్కకి ఆయనకు శాలువా కప్పొచ్చు. సర్క్యులర్ అన్నది అద్దం ఆకారం కాదు మహాప్రభో! లీనియర్ పోలరైజర్ వెనక క్వార్టర్ వేవ్ పలక అతికిస్తే సర్క్యులర్ అవుతుంది. ఎస్సెల్లార్ కెమెరాల్లో కాంతిని పంచే అద్దం ఒకటుంటుంది. పోలరైజర్ దాటొచ్చే ధ్రువిత కాంతిని అది తిన్నగా పంచదు, దాంతో మీటరూ ఆటోఫోకసూ తడబడతాయి. ఆ తంటా తప్పించడానికే ఈ రెండో పలక. మావాడిది మిర్రర్‌లెస్. ఆ అద్దమే లేదు. అయినా అంగట్లో ఎక్కువగా దొరికేది సర్క్యులరే కాబట్టి నోరు మూసుకుని అదే కొనాలి.

ఇక డబ్బా మీద బిరుదులు చూడాలి. ప్రో, హెచ్‌డీ, నానో, అల్ట్రా, డిజిటల్. పూర్వం జమీందార్లకి కూడా ఇన్ని లేవు. డిజిటల్ ఫిల్టరట! వెళ్లేది ఫిల్ములోకో సెన్సారులోకో కాంతికి తెలుసా? 1808లో పారిస్‌లో మాల్యూస్ అనే ఆయన కాల్సైట్ స్ఫటికంలోంచి లక్సెంబర్గ్ భవనం కిటికీల మీది ఎండ మెరుపు చూశాడు. స్ఫటికాన్ని తిప్పుతుంటే అందులో కనబడే జంట బింబాలు వంతులవారీగా మసకబారాయి. మన పోలరైజర్ కథ అక్కడ మొదలు. ఆయన స్ఫటికం మీద ‘నానో’ అని లేదు. డబ్బా మీది మాటల్లో నాకు నమ్మకమున్నది మల్టీ కోటింగ్ ఒక్కటే. అది లేకపోతే ఎండ వాలుగా పడ్డప్పుడు బొమ్మ తెల్లగా పాలిపోతుంది.

బిరుదులు వదిలేసి, షాపులో బిల్లు కొట్టే ఎల్‌సీడీ తెర ముందు ఫిల్టరు పెట్టి తిప్పించాను. లెన్సుకి బిగించే మరలున్న వైపు కంటికి పెట్టుకుంటే తెర దాదాపు నల్లబడాలి. తిరగేసి చూస్తే నల్లబడకూడదు. షాపాయన నన్ను దొంగనోట్లు పట్టే పోలీసును చూసినట్టు చూశాడు.

సరైనది కొన్నా వాడకం తెలియాలిగా? మన పెళ్లి ఫొటోగ్రాఫర్లు కొందరు దీన్ని మంగళసూత్రంలా ఒకసారి కట్టాక విప్పరు. తెల్లవారుజాము ముహూర్తం, మండపంలో గుడ్డి వెలుతురు, మూతికి పోలరైజర్! అది ఒకటి నుంచి రెండు స్టాపులు మింగుతుంది. అంటే వచ్చే వెలుతురులో సగం నుంచి ముప్పాతిక దాకా గోవిందా. పైగా తిప్పినకొద్దీ పట్టు నిగనిగలు చంపేస్తుంది. నగల తళుకు జోలికి మాత్రం పోదు, లోహం దగ్గర దాని పప్పులుడకవు. మూడు తరాల ఆడవాళ్లు ఏరికోరి తెచ్చిన చీర ఆల్బంలో నూలు చీరలా ఉంటుంది. అడిగితే “లెన్సుకి రక్షణ మేడమ్” అంటాడు. రక్షణకైతే మూత లేదా నాయనా?

పాపికొండల లాంచీలో ఇంకో రకం వీరుడు. సూర్యుణ్ణి వీపున మోస్తూ నీలాకాశం కోసం రింగు తిప్పుతూనే ఉంటాడు. రేడియో స్టేషన్ పట్టుకుంటున్నాడేమో అనిపిస్తుంది. చూపుడువేలు సూర్యుడి వైపు చాపి, బొటనవేలు నిటారుగా పెట్టి మణికట్టు తిప్పు బాబూ, బొటనవేలు చూపించిన ఆకాశమే నీలం తిరుగుతుంది. గోదారి నీళ్ల మీద మెరుపు చావాలంటే చూపు నీటితో సుమారు 37 డిగ్రీల వాలులో ఉండాలి. ఈ రెండు ముక్కలూ ఊరికే దొరుకుతాయి, అందుకే ఎవడూ అమ్మడు.

ఇంత పాండిత్యం ఒలకబోసి, “పాతదాని సైజులోనే మంచిది ఇవ్వండి” అని 5,000 పెట్టి కొనిపించాను. ఇంటికొచ్చి బిగించబోతే పట్టలేదు. లెన్సు మూతి దగ్గర గీత కొట్టిన సున్నా పక్కన 77 అని ఉంది. ఫిల్టరు 72. పాతదీ 72యే. మావాడు దాన్ని ఒక్కసారైనా బిగించి చూడలేదు, నేను ఒక్కసారైనా అడగలేదు.